గల్ఫ్‌కు వెళ్ళిన పెళ్ళికి వర్తించే చట్టం

వసిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండి మొదలుకొని మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు, మామిడికుదురు, పి.గన్నవరం, అమలాపురం వరకు, కువైట్‌కో మస్కట్‌కో దుబాయ్‌కో ఒక్కరినైనా పంపని వీధి అరుదుగా కనిపించే కోనసీమలో, ఆ దేశాల కుటుంబ చట్టం గురించి ఒక అభిప్రాయం ఎదురులేకుండా నిలబడి ఉంది. గల్ఫ్‌లో ఉన్నది షరియా ఒక్కటేననీ, అది ముస్లింల కోసం ఏర్పడినది గనుక అక్కడికి వెళ్ళిన హిందువుకూ క్రైస్తవుడికీ పెళ్ళి, విడాకులు, బిడ్డల సంరక్షణ, వారసత్వం అనే నాలుగు విషయాల్లోనూ చట్టమే లేదనీ, విమానం ఎక్కింది మొదలు తిరిగి దిగేదాకా ఇక్కడి చట్టం కూడా ఆ మనిషిని వదిలేస్తుందనీ ఆ అభిప్రాయం చెబుతుంది. ఊరిపెద్దలు తగవు తీర్చేటప్పుడు దీన్నే ఆధారం చేసుకుంటారు. ఖద్దామా వీసాలు, అంటే ఇంటిపనికి ఇచ్చే వీసాలు, ఇప్పించే ఏజెంట్లు దీన్నే బెదిరింపుగా వాడుకుంటారు. గల్ఫ్ బాధితుల గురించిన పత్రికా కథనాలు కూడా చాలావరకు దీన్ని ప్రశ్నించకుండానే సాగిపోతాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022లో ముస్లిమేతరుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చాక ఈ అభిప్రాయమే తలకిందులై, ఇక అక్కడ విడాకులు నెలరోజుల పనేననీ మనవాళ్ళ కష్టాలు తీరినట్లేననీ మరో రూపంలో వినిపిస్తోంది.

ఈ రెండు రూపాలూ తప్పే, రెండింటి అడుగునా ఉన్న పొరపాటు కూడా ఒక్కటే. మనిషి ఏ నేలమీద నిలబడితే ఆ నేల చట్టమే ఆ మనిషి పెళ్ళిని శాసిస్తుందన్న ఊహ నుంచి రెండూ పుట్టాయి. దిండిలో జరిగిన పెళ్ళి కువైట్‌కు వెళ్ళినప్పుడు దాని చట్టమూ దాని వెంటే వెళ్తుంది. ఆ సంగతిని గల్ఫ్ దేశాల చట్టాలు చాలావరకు ఒప్పుకుంటాయి, భారతీయ చట్టం విస్పష్టంగా చెబుతుంది. చట్టం ఉండి కూడా ఈ కుటుంబాలు నష్టపోవడానికి కారణం ఆ చట్టాన్ని రుజువు చేసే కాగితం వారి చేతిలో లేకపోవడమూ, స్వదేశపు చట్టసభలు ఇటువంటి కుటుంబాలను ఎన్నడూ లెక్కలోకి తీసుకోకపోవడమూ.

ముందుగా గల్ఫ్ చట్టాల సంగతి చూడాలి. పెళ్ళి, విడాకులు, సంరక్షణ, వారసత్వం వంటి విషయాలన్నిటినీ కలిపి ఒకే చట్టంగా రాసుకునే పద్ధతి అరబ్ దేశాల్లో ఉంది. మన న్యాయస్థానాల్లో పర్సనల్ లా అని వ్యవహరించే విభాగానికి అది సమానం. కువైట్‌లో ఆ చట్టం 1984లో 51వ నంబరుగా వచ్చింది. అందులోని 346వ అధికరణ, సున్నీ న్యాయశాస్త్రపు నాలుగు ప్రధాన శాఖల్లో ఒకటైన మాలికీ సంప్రదాయం ఎవరికి వర్తిస్తూ వచ్చిందో వారికే ఈ చట్టం వర్తిస్తుందనీ, మిగిలినవారిని వారి వారి ప్రత్యేక నియమాలే పాలిస్తాయనీ చెబుతుంది. అంటే ఆ చట్టం కువైట్ పౌరులందరికీ సైతం ఒకే విధంగా వర్తించేది కాదు. అక్కడి షియాల కోసం జాఫరీ సంప్రదాయాన్ని అనుసరించే వేరే చట్టం 2019లో వచ్చింది. విదేశీయుల విషయంలో కువైట్ అంతకు చాలా ముందే, 1961లో, 5వ నంబరు చట్టం చేసి, విదేశీ సంబంధం ఉన్న వివాదాల్లో ఏ దేశపు చట్టాన్ని అనుసరించాలో నిర్ణయించే సూత్రాలను రాసుకుంది. పెళ్ళికీ విడాకులకూ వారసత్వానికీ ఆ సూత్రాలు ప్రధానంగా మనిషి జాతీయతనే చూస్తాయి. ఒమన్ 1997 నాటి 32వ నంబరు రాజశాసనంలో ముస్లిమేతరులను వారి మత నియమాలకే విడిచిపెట్టింది. ఎమిరేట్స్ 2005లో చేసిన 28వ నంబరు ఫెడరల్ చట్టం మొదటి అధికరణలోనే, విదేశీయుల్లో ఎవరైనా తమ దేశపు చట్టాన్ని వర్తింపజేయమని కోరితే తప్ప ఈ చట్టం వర్తిస్తుందని రాసింది. కోరే హక్కు ఆనాటి నుంచే ఉందన్నమాట.

హక్కు ఉన్నంత మాత్రాన అది అమలైపోదు. తమ చట్టాన్ని వర్తింపజేయమని కోరినవారే ఆ చట్టం ఏమిటో కోర్టు ముందు పెట్టాలి. దాన్ని అరబిక్‌లోకి అధికారికంగా అనువదించి, ప్రభుత్వ ధ్రువీకరణలతో సమర్పించాలి. ఆ పని చేయలేకపోతే కోర్టు తన సొంత చట్టంతోనే తీర్పు చెబుతుంది. కోనసీమ కుటుంబాలు షరియా తమమీద పడిందని చెప్పుకునే వివాదాల్లో అసలు జరిగేది ఇదే. వారి చట్టాన్ని ఎవరూ నిరాకరించరు. దాన్ని ఎవరూ కోర్టు ముందుకు తీసుకురారు.

ఈ అపోహ బలపడడానికి ఒక కారణం ఉంది, దాన్ని కూడా చెప్పుకోవాలి. శిక్షాస్మృతి నేలను బట్టే నడుస్తుంది. పెళ్ళి లేకుండా కలిసి బతకడం గల్ఫ్‌లో చాలాచోట్ల నేరం, ఆ నేరానికి మతభేదం లేదు. ఎమిరేట్స్ మాత్రం 2020 తరువాత చేసిన సవరణలతో దాన్ని బాగా సడలించింది. అలాంటి కేసులో చిక్కి జైలుకు వెళ్ళిన స్త్రీల గురించి విన్న ఊరు, జైలు చట్టాన్నీ పెళ్ళి చట్టాన్నీ ఒకటిగా కలిపేసుకుంది. ఆ కలగలుపు అర్థం చేసుకోదగినదే అయినా, అది ఏజెంటు నోట బెదిరింపుగా మారినప్పుడు మాత్రం క్షమించదగినది కాదు.

మతాన్ని బట్టి కుటుంబ చట్టం మారే పద్ధతిని గల్ఫ్ వింతగా చెప్పుకోవడంలోనూ అర్థం లేదు. వారన్ హేస్టింగ్స్ 1772లో రాసిన న్యాయపాలనా ప్రణాళికలో హిందువులకు శాస్త్రాలు, ముస్లింలకు ఖురాన్ అని విభజించిననాటి నుంచి నేటివరకు భారతదేశం నడుస్తున్నది ఆ పద్ధతిలోనే. గౌతమి ఒడ్డున కోనసీమకు పొరుగునే ఉన్న ఫ్రెంచి యానాంలో, 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం తమ సొంత ధర్మశాస్త్రాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతికి లోబడతామని ప్రకటించే అవకాశం స్థానికులకు ఉండేది. అలా ప్రకటించినవారిని రెనోసాలు అనేవారు. అటుపైన, ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో అమలుకు రాగా, అది వర్తించని యానాంకు చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు పిల్లలను తీసుకుపోవడం వల్ల ఆ ఊరికి కళ్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. ఆ పెళ్ళిళ్ళు పసిపిల్లల బతుకులకు చేసిన హాని చిన్నది కాదు. అయినా ఒక సంగతి దానివల్ల తేటతెల్లమవుతుంది: ఏ నేలమీద ఏ చట్టం అన్న లెక్క గోదావరి ప్రజలకు కొత్త కాదు, సరిహద్దు దాటితే చట్టం మారే చోటును వెతుక్కుంటూ ఇక్కడి పెద్దలు పడవలెక్కిన కాలం ఇంకా నూరేళ్ళ కిందటిది కూడా కాలేదు. ఆ తెలివి నాడు చిన్నపిల్లలకు వ్యతిరేకంగా పనిచేసింది. నేడు గల్ఫ్‌లో ఉన్న ఆడకూతుళ్ళ పక్షాన పనిచేయవలసినప్పుడు కనబడకుండా పోయింది.

ముస్లిం కుటుంబాల విషయంలోనూ వాడుకలో ఉన్న అంచనా వాస్తవానికి ఎదురుగా ఉంది. రాయచోటి, కడప, హైదరాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన ముస్లిం స్త్రీలకు అక్కడి చట్టం ఇక్కడికంటే కఠినమైనదని సాధారణంగా అనుకుంటారు. ఒకే మాటలో మూడుసార్లు తలాఖ్ అన్నా దాన్ని ఒక్కసారిగానే లెక్కించాలన్న నియమాన్ని ఈజిప్టు 1929లోనే చట్టంగా రాసింది. కువైట్ 1984 చట్టమూ అదే దారిలో నడిచింది. భారతదేశంలో మాత్రం ఆ తక్షణ తలాఖ్ 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా చెల్లుబాటులోనే ఉంది. దాన్ని నేరంగా ప్రకటించి మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించే చట్టం 2019లో వచ్చింది. దీనర్థం గల్ఫ్ చట్టం ఆడవారికి సమన్యాయం చేస్తుందని కాదు. సంరక్షకుడి అనుమతి, వారసత్వంలో సగం వాటా వంటి అసమానతలు దానిలో నిండుగా ఉన్నాయి. అయితే తీర్పు చెప్పేముందు చట్టాన్ని చదవాలన్న కనీస మర్యాదను ఈ అపోహ ఎన్నడూ పాటించలేదు.

ఇక రెండో రూపానికి వస్తే, ఎమిరేట్స్ తెచ్చిన మార్పు నిజంగానే పెద్దది. అబూధాబీ 2021లో 14వ నంబరు చట్టంతో ముస్లిమేతరులకు సివిల్ వివాహాన్ని ప్రవేశపెట్టి, వారికోసం ప్రత్యేక కుటుంబ న్యాయస్థానాన్ని తెరిచింది. 2022 నాటి 41వ నంబరు ఫెడరల్ శాసనం 2023 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటికీ అటువంటి ఏర్పాటును విస్తరించింది. దాని ప్రకారం పెళ్ళికి 21 ఏళ్ళు నిండాలి. ఆడమనిషి సాక్ష్యం మగవాడి సాక్ష్యంతో సమానం. భార్యాభర్తల్లో ఎవరైనా, ఎదుటివారి తప్పు చూపనవసరం లేకుండా, విడాకులు కోరవచ్చు. బిడ్డలకు 18 ఏళ్ళు వచ్చేదాకా సంరక్షణ ఇద్దరిదీ. వీలునామా లేకుండా చనిపోతే ఆస్తిలో సగం జీవిత భాగస్వామికి, మిగతా సగం ఆడ, మగ తేడా లేకుండా పిల్లలకు చెందుతుంది. ముస్లింలకు వర్తించే 2005 చట్టం స్థానంలో కూడా 2024లో కొత్త శాసనం వచ్చి, 2025 ఏప్రిల్ 15 నుంచి అమలవుతోంది. ఇన్ని మార్పులు చూసిన తరువాత కూడా అక్కడ షరియా తప్ప మరేమీ లేదనడం మొండితనమే.

అయితే దీనితో కష్టాలు తీరాయనేవారు మరచిపోయిన ప్రశ్న ఒకటుంది: అబూధాబీలో పుచ్చుకున్న విడాకులు రాజోలులో చెల్లుతాయా? ఆ ప్రశ్నకు జవాబు ఒక తెలుగు దంపతుల వివాదంలోనే ఉంది. తిరుపతిలో 1975లో జరిగిన ఒక పెళ్ళిని అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర న్యాయస్థానం 1980లో భర్త కోరికపై రద్దు చేయగా, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోవడంతో మొదటి భార్య ద్విభార్యత్వ నేరం మోపారు. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి పేర్లతో న్యాయ గ్రంథాలకెక్కిన ఆ కేసులో సుప్రీంకోర్టు 1991 జూలై 9న తీర్పు చెబుతూ, విదేశీ న్యాయస్థానపు తీర్పులు ఎప్పుడు చెల్లవో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్‌ను పెళ్ళి వివాదాలకు అన్వయించి, ఒక కచ్చితమైన సూత్రం నిర్ణయించింది. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే న్యాయస్థానమే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలి. దీనికి మినహాయింపులు మూడే: ఎదుటి పక్షం స్థిరంగా నివసించే చోటనే దావా వేసి, ఆ చట్టంలో ఉన్న కారణం మీద తీర్పు పొందడం, ఎదుటి పక్షం ఇష్టపూర్వకంగా హాజరై, ఆ చట్టంలోని కారణం మీదే వాదించడం, లేదా తీర్పుకు వారే సమ్మతించడం.

ఈ సూత్రాన్ని ఎమిరేట్స్ చట్టం పక్కన పెట్టి చూడాలి. తప్పు చూపనవసరం లేకుండా ఒకరి కోరిక మీదే ఇచ్చే విడాకులకు 1955 నాటి హిందూ వివాహ చట్టంలో చోటు లేదు. భార్య అబూధాబీలో దావా వేసి, దిండిలో ఉన్న భర్త నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకుంటే, ఆమెకు వచ్చే డిక్రీ అక్కడ విడాకులు, ఇక్కడ వట్టి కాగితం. దాన్ని నమ్మి ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరంలో చిక్కుకుంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద ఎమిరేట్స్‌ను 2020 జనవరి 17న పరస్పర గుర్తింపు గల దేశంగా ప్రకటించారు గదా అని వాదించేవారున్నారు. ఆ సెక్షన్ డబ్బు చెల్లించాలనే డిక్రీలను అమలు చేయడానికి ఉద్దేశించినదే తప్ప, పెళ్ళిని తెంచే డిక్రీలకు దారి కాదు. పైగా కోనసీమ నుంచి ఎందరో వెళ్ళే కువైట్ ఆ జాబితాలో లేనే లేదు.

భారతీయ చట్టం తయారీలోని అసలు లోటు ఇక్కడే బయటపడుతుంది. నరసింహారావు తీర్పు అమెరికాలో ఉన్న భర్త నుంచి ఇంటి దగ్గర ఉన్న భార్యను కాపాడడానికి పుట్టింది, ఆ పని గొప్పగా చేసింది. లా కమిషన్ 2009లో ఇచ్చిన 219వ నివేదికా, 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టి చట్టం కాకుండానే మిగిలిపోయిన ప్రవాస భారతీయ వివాహాల నమోదు బిల్లూ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 287వ నివేదికా ప్రధానంగా ఊహించుకున్నది కూడా ఆ బొమ్మనే: మోసగించి వెళ్ళిపోయిన ప్రవాసి భర్త, ఊళ్ళో మిగిలిపోయిన భార్య. కోనసీమలో ఆ బొమ్మ తిరగబడి ఉంటుంది. ఇక్కడ విమానం ఎక్కేది భార్య. బిడ్డలతో ఇంటి దగ్గర ఉండేది భర్త, లేదా అమ్మమ్మ. సంపాదన ఆమెది, ఆ సంపాదనతో కొన్న స్థలం చాలాసార్లు అతడి పేర ఉంటుంది. అతడు మరొకరితో కాపురం పెట్టినా, ఆమె వివాహబంధం నుంచి బయటపడాలనుకున్నా, విదేశంలో ఉన్నది తనే గనుక, రక్షణగా పుట్టిన సూత్రం ఆమెకు అడ్డుగోడగా నిలుస్తుంది. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద మనోవర్తిని భార్యాభర్తల్లో ఎవరైనా కోరవచ్చు గనుక, కువైట్‌లో పాత్రలు తోమి సంపాదించే భార్య నుంచి ఇంటి దగ్గరి భర్తే మనోవర్తి అడగగల పరిస్థితి కూడా చట్టంలో ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఒక సీమ మొత్తం ఇటువంటి కాపురాలతో బతుకుతుంటే, ఏ నివేదికా దాన్ని ప్రత్యేక సమస్యగా చూడలేకపోవడం సామాన్యమైన లోపం కాదు.

ఇప్పుడున్న చట్టంతోనే ఆమె చేయగలిగినది ఏమీ లేదా అంటే, చాలా ఉంది. ఉందని ఎవరూ చెప్పకపోవడమే ఈ అపోహ చేసిన అన్యాయం. హిందూ వివాహ చట్టం మొదటి సెక్షన్ రెండో ఉపసెక్షన్, దేశం బయట ఉన్నా భారతదేశాన్నే స్థిరనివాసంగా ఉంచుకున్న హిందువులకు ఆ చట్టం వర్తిస్తుందని నేరుగా చెబుతుంది. 19వ సెక్షన్ ప్రకారం పెళ్ళి జరిగిన చోటి కోర్టుకూ, ఎదుటి పక్షం నివసించే చోటి కోర్టుకూ, దంపతులు చివరిసారి కలిసి కాపురమున్న చోటి కోర్టుకూ అధికారం ఉంటుంది గనుక, దిండి–చించినాడ వంతెన దాటి నరసాపురంలో పెళ్ళిచేసుకొని దిండిలో కాపురమున్న జంటకు ఆ రెండు ప్రాంతాల కోర్టుల్లో దేనినైనా ఆశ్రయించే వీలుంది. ఇద్దరూ సమ్మతిస్తే 13బీ సెక్షన్ కింద ఒక ఏడాది విడిగా ఉన్నాక దరఖాస్తు చేయవచ్చు. ఆ తరువాతి ఆరు నెలల గడువును తగిన సందర్భంలో కోర్టు సడలించవచ్చుననీ, దూరాన ఉన్నవారిని వీడియో ద్వారా విచారించవచ్చుననీ సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. క్రైస్తవులకు 1869 విడాకుల చట్టంలో 2001 సవరణ చేర్చిన 10ఏ సెక్షన్ అటువంటి అవకాశమే ఇస్తుంది, కాకపోతే విడిగా ఉండవలసిన కాలాన్ని అది రెండేళ్ళుగా రాసింది.

వీటి బదులు ఊళ్ళలో నడుస్తున్నది పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకునే తెగదెంపుల పత్రం. కులాచారంగా వస్తున్న విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడుతుందన్నది నిజమే గాని, ఆ ఆచారం ప్రాచీనమైనదనీ నిరంతరాయంగా సాగుతున్నదనీ కోర్టులో రుజువు చేయవలసిన భారం దాన్ని చెప్పుకునేవారిదే. వందల రూపాయల స్టాంపు కాగితం ఆ రుజువు కాజాలదు. అటువంటి పత్రంతో కువైట్‌లో కోర్టు మెట్లెక్కిన మనిషికి ఎదురయ్యే ఓటమిని షరియా ఖాతాలో వేయడం అబద్ధం.

కాగితం గురించి చెప్పుకున్నప్పుడు దళిత కుటుంబాల విషయాన్ని దాటవేయకూడదు, ఎందుకంటే కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన స్త్రీలలో వారు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ కుటుంబాల్లో చాలామంది చర్చికి వెళ్తారు, చర్చిలోనే పెళ్ళి చేసుకుంటారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకూ, సవరణల ద్వారా సిక్కులకూ బౌద్ధులకూ మాత్రమే ఆ హోదా ఇస్తుంది గనుక, కుల ధ్రువపత్రంలో మతం హిందూ అని ఉంటుంది. ఈ స్థితిలో వారి పెళ్ళికి ఏది చట్టం? 1872 క్రైస్తవ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరిలో ఒకరైనా క్రైస్తవులై ఉండాలి. హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం పెళ్ళి చెల్లాలంటే వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారమైనా తంతు జరిగి ఉండాలి. చర్చి ఇచ్చిన పత్రం ఒక చట్టాన్ని చూపుతుంది, తహసీల్దారు ఇచ్చిన పత్రం మరో చట్టాన్ని చూపుతుంది. కువైట్ 346వ అధికరణ పక్షాల మతమో శాఖో వేరైనప్పుడు కువైట్ చట్టాన్నే వర్తింపజేయమంటుంది గనుక, భార్యాభర్తల కాగితాల్లో మతాలు వేరువేరుగా ఉన్నప్పుడు తమ చట్టాన్ని కోరే దారి కూడా సన్నబడిపోతుంది. ఈ చిక్కు ఆ కుటుంబాలు చేసిన తప్పు కాదు. మతం మారినా అంటరానితనం మారని సమాజంలో, మతాన్ని బట్టి రక్షణను పంచిన రాజ్యం వారిని ఈ మలుపులో నిలబెట్టింది. తనది ఏ చట్టమో తన దేశమే తేల్చి చెప్పని మనిషిని, విదేశీ చట్టం బాధించిందని జాలిపడడం సరిపోదు.

మతమార్పిడి గురించి ప్రచారంలో ఉన్న మాట మరింత ప్రమాదకరమైనది. గల్ఫ్‌లో ఇస్లాం పుచ్చుకుంటే ఇక్కడి పెళ్ళి దానంతటదే పోతుందని కొందరు నమ్ముతారు, నమ్మిస్తారు. కువైట్ చట్టం ప్రకారం వివాహితురాలు ఇస్లాం స్వీకరించి, ఆమె భర్త తానూ స్వీకరించడానికి నిరాకరిస్తే, అక్కడ ఆ పెళ్ళిని రద్దు చేయవచ్చు. భారతదేశంలో అలా కాదు. మతం మారడం ఎదుటివారు విడాకులు కోరడానికి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఒక కారణం మాత్రమే. పెళ్ళి దానంతటది తెగదని, మొదటి పెళ్ళి నిలిచి ఉండగా మతం మార్చుకొని చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో స్పష్టం చేసింది. అలా మతం మారిన స్త్రీ ఒక దేశంలో ఒంటరి, మరో దేశంలో ఇల్లాలు అవుతుంది. అక్కడి కొత్త మతం వల్ల ముస్లిమేతర బంధువులతో వారసత్వ సంబంధమూ తెగిపోతుంది. ఈ పరిణామాలు తెలిసి చేసుకునే ఎంపికకు ఎవరూ అడ్డు చెప్పనవసరం లేదు, తెలియకుండా చేయించే ఎంపిక మాత్రం మోసమే.

పోతే, కోనసీమ కాపురాలను నిజంగా విడదీస్తున్న గల్ఫ్ నిబంధన కుటుంబ చట్టంలో లేదు, వీసా నిబంధనల్లో ఉంది. కువైట్ 2016లో ఇంటిపనివారికి నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి 2024లో పెట్టిన జీతపు అర్హత 800 దినార్లు. ఈ రెండు అంకెల మధ్య దూరమే అమ్మనూ బిడ్డనూ ఏళ్ళతరబడి వేరుగా ఉంచుతోంది, దీనికి షరియాతో ఏ సంబంధమూ లేదు. హిందూ పనిమనిషి, క్రైస్తవ ఆయా, ముస్లిం డ్రైవరు ఎవరైనా సరే, ఆ అంకె కింద ఉన్నంతకాలం ఒంటరివారే. మతం మీద నింద మోపినంతకాలం ఈ ఆర్థిక నియమం గురించి రెండు ప్రభుత్వాల మధ్య మాట్లాడవలసిన బాధ్యత ఎవరికీ గుర్తుకు రాదు.

బిడ్డల విషయంలో ఈ నింద ఖరీదు అన్నిటికంటే ఎక్కువ. ఆ దేశాల్లో ఆసుపత్రి జనన ధ్రువపత్రం ఇవ్వడానికి సాధారణంగా తల్లిదండ్రుల పెళ్ళి పత్రం అడుగుతారు. ఊళ్ళో పెళ్ళి జరిగినా నమోదు కాని జంట, పెళ్ళే కాని జంట ఒకే విధంగా చిక్కుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్ళిళ్ళ నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది, కాని ఫోటో ఆల్బం ఉన్న ఎన్నో ఇళ్ళలో ఆ పత్రం ఇప్పటికీ లేదు. పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ తల్లి ఒక్కతే భారతీయురాలైనా విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం ఇస్తుంది, అయితే ఏడాదిలోగా దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలంటుంది, ఆ గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అక్కడ మాకు చట్టం లేదనుకొని భయంతో దాక్కున్న తల్లికి ఆ ఏడాది ఎలా గడిచిపోతుందో ఊహించడం కష్టం కాదు.

పాస్‌పోర్టు సైతం సేటు చేతిలో ఉండే పనిమనిషికి ఈ సెక్షన్లూ పత్రాలూ ఎందుకు పనికొస్తాయని అడిగేవారున్నారు, ఆ ప్రశ్నలో బాధ ఉంది, అది నిజమైన బాధ. అయితే కువైట్ 2015లో చేసిన 68వ నంబరు గృహకార్మికుల చట్టం పనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేకుండా యజమాని దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని అమలు చేయించవలసింది ఎంబసీ. పైగా పాస్‌పోర్టు తీసుకోగలిగిన యజమాని, రాజోలు సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన పెళ్ళిని తీసుకోలేడు. 1983 వలస చట్టం కింద అనుమతి పొందే మనిషి నుంచి పని ఒప్పందం, బీమా, నామినీ పేరు అడుగుతున్నారు. పెళ్ళి పత్రాన్నీ, దాని అధికారిక అరబిక్ అనువాదాన్నీ ఆ దశలోనే జతచేయించి, హిందూ వివాహ చట్టానికీ క్రైస్తవ విడాకుల చట్టానికీ ధ్రువీకరించిన అరబిక్ ప్రతులను ఎంబసీల్లో ఉంచితే, అక్కడి కోర్టు మీ చట్టం ఏదని అడిగిన రోజున ఇంటిపని చేసుకునే స్త్రీ వకీలు కోసం అప్పు చేయనవసరం ఉండదు. ఈ పని చేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వపు విదేశీ ఉద్యోగాల సంస్థ ఓంక్యాప్, కేంద్ర విదేశాంగ శాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. విదేశంలో ఉన్నది భార్య అయినప్పుడు ఆమె వేసే దావా ఎక్కడ, ఎలా నడవాలన్న అధ్యాయం మాత్రం పార్లమెంటే రాయాలి, లా కమిషన్ 287వ నివేదిక ఆధారంగా ఏ బిల్లు వచ్చినా అందులో ఆ అధ్యాయం లేకపోతే కోనసీమ ఎంపీలూ ఎమ్మెల్యేలూ దాన్ని అడగవలసి ఉంటుంది.